ఫిలడెల్ఫియాలో క్వేకర్ల పాత శ్మశానం చుట్టూ పేటను బాగుచేసుకునే విధానం

అమెరికాలోని ఉత్తర ఫిలడెల్ఫియాలో జర్మన్‌టౌన్ అవెన్యూ పక్కన ఫెయిర్‌హిల్ అనే శ్మశానం ఉంది; అది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారిది. 1703లో ఏర్పడిన ఆ నేలలో బానిసత్వ నిర్మూలన కోసం, స్త్రీల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన లుక్రీషియా మాట్, పారిపోయి వచ్చిన బానిసలకు అండగా నిలిచిన రాబర్ట్ పర్విస్ వంటివారి సమాధులు ఉన్నాయి. 1990ల తొలినాళ్లకు ఆ చుట్టుపక్కల మత్తుమందుల వ్యాపారం బాహాటంగా సాగేది. 1993లో క్వేకర్లు ఆ స్థలాన్ని తిరిగి తమ చేతుల్లోకి తీసుకొని, ఇరుగుపొరుగువారితో కలిసి బాగుచేయసాగారు. ఇటువంటి పనికి పూనుకునేవారు, ఆ స్థలం సందర్శకులకంటే ముందు ఆ వీధివారికి ఉపయోగపడాలని గట్టిగా నిశ్చయించుకోవాలి.

అందుకని మొదటి పని ప్రణాళిక గీయడం కాదు, ఇంటింటికీ వెళ్లి వినడం. పేటలో స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో మూలాలవారు, నల్లజాతివారు ఎక్కువ కాబట్టి ప్రతి ప్రకటన స్పానిష్‌లో కూడా ఉండాలి. సమావేశాల్లో ఓట్లు లెక్కపెట్టకుండా, అందరికీ సమ్మతమైన నిర్ణయం తేలేవరకు ఓపికగా మాట్లాడుకునే క్వేకర్ల పద్ధతిని పాటించడం మంచిది; ఆలస్యమైనా ఆ నిర్ణయం నిలబడుతుంది. చెత్త, వీధి దీపాలు, పిల్లలు ఆడుకునే చోటు వంటి వాటిలో పేటవారు ముందుగా చెప్పినదాన్నే ముందుగా చేయాలి.

సమాధుల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చావులోనూ హెచ్చుతగ్గులు ఉండకూడదని క్వేకర్లు చిన్నవి, పొట్టివి, ఆడంబరం లేనివి అయిన రాళ్లనే పెట్టేవారు. తొలితరం వారిలో చాలామంది అసలు రాయే పెట్టనిచ్చేవారు కాదు. కాబట్టి పచ్చిక మాత్రమే కనిపిస్తున్నంత మాత్రాన కింద ఎవరూ లేరనుకోకూడదు. నేల లోపల ఏముందో చూపే రాడార్ పరికరంతో నేలను పరీక్షించకుండా చెట్టు నాటడానికైనా, కంచె స్తంభం పాతడానికైనా గొయ్యి తవ్వరాదు. రాళ్లను శుభ్రం చేసే ముందు ప్రతి రాయినీ, దానిపై చెక్కిన పేరునూ ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆపైన రాతిని మంచినీటితో బాగా తడిపి, మెత్తని బ్రష్షుతో కింది నుంచి పైకి రుద్దాలి. బ్లీచింగ్ ద్రావణం, ఇనుప బ్రష్షు, ఒత్తిడితో నీళ్లు చిమ్మే యంత్రం వాడనే కూడదు. పాలరాయిని వేలితో తాకితే చక్కెర పలుకుల్లా రాలుతూ ఉంటే అక్కడితో ఆపి, రాతి సంరక్షణ తెలిసిన నిపుణుడిని పిలవాలి.

ప్రహరీ బయటి ఖాళీ స్థలాలు కూడా అంతే ముఖ్యం. తోటల పెంపకం కోసం పనిచేసే పెన్సిల్వేనియా హార్టికల్చరల్ సొసైటీ అనుసరించే పద్ధతి చాలా సాదా: చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, కొన్ని చెట్లు పెంచి, మనిషి సులువుగా లోపలికి నడిచి వెళ్లేలా అక్కడక్కడ దారి వదిలి పొట్టి కొయ్య కంచె కట్టి, క్రమం తప్పకుండా గడ్డి కోయిస్తూ ఉండటం. ఫిలడెల్ఫియాలోని 541 ఖాళీ స్థలాలపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఇలా బాగుచేసినచోట, ముఖ్యంగా పేదరికం ఎక్కువున్న పేటల్లో, తుపాకీ హింస చెప్పుకోదగినంత తగ్గిందని అందులో తేలింది. కూరగాయలు పండించదలిస్తే మాత్రం, పాత పారిశ్రామిక నగరపు మట్టిలో సీసం ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, మట్టిని పరీక్ష చేయించి, కొత్త మట్టి నింపిన ఎత్తు మడుల్లోనే పెంచాలి.

గోడలపై చిత్రాలు వేయించడం సంతోషకరమే గాని, అది ఆ తరవాతి పని. దానికంటే ముందు దగ్గరి బడి పిల్లలకు చదువు చెప్పే స్వచ్ఛంద సేవకులను కూడగట్టడం, మాట్, పర్విస్‌ల కథలను ఆ సమాధుల దగ్గరే వారికి వినిపించడం ఎక్కువ మేలు చేస్తాయి.

పేట బాగుపడితే ఇళ్ల విలువ, దానితోపాటు పన్ను పెరుగుతాయి. పదేళ్లకు పైగా సొంత ఇంట్లో ఉంటున్నవారికి నగరం ఇచ్చే పన్ను రాయితీ గురించి ముందే చెప్పి, దరఖాస్తు నింపడంలో సాయపడాలి. తాతదో అమ్మమ్మదో పేరు మీదే దస్తావేజు ఉండిపోయిన ఇళ్లు ఫిలడెల్ఫియాలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఉంటున్నవారు చాలా సహాయాలకు దూరమవుతారు. కాబట్టి తోటపని జరిగే ప్రతి శనివారం గేటు దగ్గర ఒక బల్ల వేసి, ఆ కాగితాలు సరిచేయించుకునేందుకు ఉచిత న్యాయసహాయం అందించేవారిని కూర్చోబెట్టాలి.