డిఫరెన్షియల్ మారిస్తే బండి స్పీడు పెరుగుతుందా? లెక్క ఇలా వేసుకోండి

డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండి, ఇంజన్ తిప్పుడును రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. ఆ హౌసింగ్‌లో క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న పినియన్ మార్పిస్తే చాలు, జడ్చర్ల దాటాక 44వ హైవే మీద బండి ఉరుకుతుందని పాత జీపులున్నవాళ్లకు ఒక ఆశ. డబ్బు పెట్టే ముందు కాగితం మీద లెక్క చూడండి.

క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే రేషియో వస్తుంది. 41 పళ్లకు 10 పళ్లయితే 4.1. అంటే గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే చక్రానికి ఒక చుట్టు.

హౌసింగ్ విప్పకుండానే దీన్ని తెలుసుకోవచ్చు. చదునైన చోట ఇంజన్ ఆపి, మూడు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. నాలుగోది, అంటే ఒక వెనక చక్రం, జాకీతో లేపి స్టాండు పెట్టాకే న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వదలండి. టైరు మీద, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చక్రాన్ని రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. అవతలి చక్రం కదలదు కాబట్టి లేపిన చక్రం క్రౌన్ కన్నా రెట్టింపు తిరుగుతుంది, అందుకే రెండు చుట్లు. ఇది లాకింగ్ (రెండు చక్రాలనూ కలిపి బిగించే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్‌కే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లకైతే మాన్యువల్ చూసుకోవాల్సిందే.

ఇక వేగం. ఆర్‌పీఎంను (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లను) గేరు రేషియోతో, డిఫరెన్షియల్ రేషియోతో భాగించండి. వచ్చినదాన్ని మీటర్లలో టైరు చుట్టుకొలతతో, ఆపై 0.06తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో తేలుతుంది. 4000 ఆర్‌పీఎం, టాప్ గేరు 1, టైరు 2.1 మీటర్లు అనుకుందాం. 4.1తో 123 వస్తుంది, దాన్ని మార్చి 3.73 రేషియో వేస్తే 135.

తిరకాసు ఇక్కడే ఉంది. గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 123 నుంచి 135కు పోవాలంటే ఒక్క గాలికే దాదాపు మూడో వంతు ఎక్కువ పవర్ కావాలి. అది ఇంజన్‌లో లేకపోతే 3.73 వేసినా వేగం పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగం, రెడ్‌లైన్ (ఇంజన్ దాటకూడని ఆర్‌పీఎం) దగ్గర మీకొచ్చిన అంకె కన్నా బాగా తక్కువుందా? అయితే మీ బండిని ఆపుతున్నది గేరు కాదు, గాలి.

పైగా చక్రాలకు అందే లాగుడు 9 శాతం తగ్గుతుంది. లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు అది బాగా తెలుస్తుంది. నన్నడిగితే ఈ మార్పు వల్ల అసలు లాభం వేరే. చిట్యాల నుంచి సూర్యాపేట దాకా 80లో పోతుంటే ఇంజన్ 2600 బదులు 2370 దగ్గర తిరుగుతుంది, మోత తగ్గుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక రెండూ ఒకే రేషియోకు మార్చాలి. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సు నుంచి వచ్చే బండిలో 3.73 వేశాక, అసలు 100లో పోతున్నా మీటరు 91 చూపిస్తుంది. దాని గేరు కూడా మార్పించండి, అప్పటిదాకా పక్కన కూర్చున్నవాళ్లను ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసి చెప్పమనండి.