ఓడ ఎక్కాక ఓటీపీ రాదు: క్రూయిజ్‌లో ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ వాడుకునే పద్ధతి

క్రూయిజ్ షిప్‌లో నెట్ నత్తనడక అనే మాట చాలావరకు పాతబడింది. 2022 ఆగస్టులో రాయల్ కరీబియన్ తన ఓడలన్నిటికీ స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పెడుతున్నట్టు ప్రకటించింది. కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు సముద్రం మీద ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: లాగిన్ పేజీ తెరుచుకోదు, బ్యాంకు ఓటీపీ రాదు, మనకు తెలియకుండా వన్‌డ్రైవ్ నెట్ మొత్తం తాగేస్తుంది. వీటిలో చాలావాటికి మందు ఇంట్లో ఉన్నప్పుడే వేసుకోవాలి. సింగపూర్ నుంచి నాలుగు రోజుల ట్రిప్ అయినా, మయామి నుంచి వారం రోజుల కరీబియన్ అయినా, వైజాగ్‌లో ఎక్కే మన దేశపు కార్డీలియా క్రూయిజ్ అయినా పద్ధతి దాదాపు ఒకటే.

ఓటీపీ సంగతి ముందు తేల్చుకోండి. సముద్రం మధ్యలో మీ సిమ్‌కు మామూలు టవర్ ఉండదు, అంటే ఎస్ఎంఎస్ కూడా ఉండదు. వైఫైలో ఉన్నాం కదా వస్తుందిలే అనుకోవద్దు. కరెంటు బిల్లు, క్రెడిట్ కార్డు బిల్లు, ఈఎంఐ లాంటివన్నీ బయల్దేరే ముందే కట్టేయండి, లేదా ఆటోపే పెట్టేయండి. ఆఫీసు మెయిల్‌కూ జీమెయిల్‌కూ లాగిన్ రెండో దశ ఎస్ఎంఎస్ మీద ఉంటే, ఫోన్‌లోనే కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్‌కు మార్చుకోండి. ఆ కోడ్‌లకు నెట్ అక్కర్లేదు. గూగుల్ ఖాతాకైతే 8 అంకెల బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

అథెంటికేటర్‌తో ఒక చిక్కుంది. ఓడలో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి గడియారం దానంతటది మారదు. షిప్ టైమ్ ఒక గంట ముందుకు జరిగిందని చెప్పగానే చాలామంది ఫోన్‌లో గంట చేత్తో మార్చేస్తారు. ఆ కోడ్ అంతర్జాతీయ సమయం మీద ఆధారపడి పుడుతుంది కాబట్టి అక్కణ్నుంచి ప్రతి కోడూ తప్పే వస్తుంది. గంట ముట్టుకోకండి, టైమ్ జోన్ మాత్రం మార్చండి. ల్యాప్‌టాప్‌లో కూడా టైమ్ జోన్‌ను ఆటోమేటిక్ నుంచి తీసేయండి. శాటిలైట్ నెట్ ఏ దేశంలో దిగితే ల్యాప్‌టాప్ తాను ఆ దేశంలో ఉన్నాననుకుంటుంది, క్యాలెండర్‌లో మీటింగులన్నీ తారుమారవుతాయి.

వాట్సాప్‌ను ల్యాప్‌టాప్‌కు ఇంట్లోనే లింక్ చేసుకోండి. ఓడలో ప్యాక్‌లు డివైజ్ లెక్కన అమ్ముతారు. ఒక్క డివైజ్ ప్యాక్ తీసుకుని ల్యాప్‌టాప్‌లో వాడుకుంటే ఫోన్‌కు నెట్ లేకపోయినా లింక్ చేసిన వాట్సాప్ పనిచేస్తూనే ఉంటుంది. ఫోన్ వరుసగా 14 రోజులకు మించి నెట్ లేకుండా ఉంటేనే లింక్ తెగుతుంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి ఇది చాలు.

ఇక నెట్ తాగేవాటి నోరు కట్టాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి పాజ్ నొక్కితే గరిష్ఠంగా 5 వారాలు ఆపుకోవచ్చు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లకు సింక్ ఆపేయండి, కావలసిన ఫైళ్లను మాత్రం ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి. ఓడ వైఫైకి కలిశాక ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయాలి. మ్యాక్‌లో దీనికి లో డేటా మోడ్ ఉంది. ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆపడం మరిచిపోవద్దు. రోజంతా తీసిన వీడియోలు రాత్రి ఒక్కసారిగా ఎక్కడం మొదలుపెడితే మీ కాల్ తెగిపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

కరెంటు దగ్గర జాగ్రత్త

మన మూడు పిన్నుల ప్లగ్ ఏ అంతర్జాతీయ ఓడలోనూ సరిగ్గా పడుతుందని నమ్మలేం. అమెరికా కంపెనీల ఓడల్లో 110 వోల్టుల చదును పిన్నుల సాకెట్లు ప్రధానంగా ఉంటాయి, చాలావాటిలో 220 వోల్టుల యూరోపియన్ సాకెట్ కూడా ఒకటి ఉంటుంది. యూరప్ కంపెనీల ఓడల్లో గుండ్రటి రెండు పిన్నులది ఎక్కువ. ల్యాప్‌టాప్ చార్జర్ వెనక 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే వోల్టేజి గురించి బెంగ లేదు, ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ ఉంటే సరిపోతుంది.

సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న స్పైక్ బస్టర్ మాత్రం తీసుకెళ్లొద్దు. బ్యాగు స్కానింగ్‌లోనే పట్టుకుని ట్రిప్ అయ్యేదాకా దగ్గర పెట్టుకుంటారు. ఇది ఉత్త చాదస్తమని చాలామంది అనుకుంటారు గానీ దీనికి గట్టి కారణమే ఉంది. ఇంట్లో న్యూట్రల్ వైరు భూమికి కలిపి ఉంటుంది. ఓడలో చాలాచోట్ల రెండు వైర్లూ ఓడ ఇనుప చట్రానికి దూరంగా, రెండింటిలోనూ వోల్టేజి ఉండేలా కడతారు. నేల మీద వాడకానికి చేసిన సర్జ్ ప్రొటెక్టర్ ఆ ఏర్పాటులో వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీద ప్రత్యేకంగా భద్రతా హెచ్చరిక ఇచ్చింది. కొన్ని కంపెనీలు మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సును కూడా రానివ్వవు. అందుకే టైప్ సి చార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మూడు పోర్టుల 65 వాట్ల చార్జర్ ఒకటి తెచ్చుకోవడం తెలివైన పని. ఒక్క సాకెట్‌తో ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు నడుస్తాయి. పాత ఓడల్లో సాకెట్లు డెస్క్ దగ్గర ఒకటో రెండో ఉంటాయి, మంచం పక్కన ఉండవు. కార్డీలియా నడిపే ఎంప్రెస్ 1990 నాటి ఓడ. కొన్ని ఓడల్లో గది తాళం కార్డు స్లాట్‌లోంచి తీయగానే సాకెట్లకు కూడా కరెంటు పోతుంది, కాబట్టి చార్జింగ్ పెట్టి భోజనానికి వెళ్లే ముందు ఒకసారి చూసుకోండి.

ఎక్కేరోజు ల్యాప్‌టాప్‌ను పెద్ద సూట్‌కేసులో పెట్టి పోర్టర్‌కు ఇవ్వకండి. ఆ సూట్‌కేసు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, దారిలో ఎత్తేయడాలు దించేయడాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

లాగిన్

ప్యాక్‌ను ఓడ ఎక్కకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో కొంటే సాధారణంగా తక్కువకు వస్తుంది. కొనేముందు రెండు విషయాలు చదవండి: వీడియో కాల్స్‌కు అనుమతి ఉన్న ప్యాకేనా, ఒకేసారి ఎన్ని డివైజ్‌లు. చౌక ప్యాక్‌లలో సోషల్ మీడియా, మెసేజింగ్ మాత్రమే ఇస్తారు, ఆఫీసు నెట్‌వర్క్‌కు రహస్య దారిలో కలిపే వీపీఎన్ నడవదు. 24 గంటల ప్యాక్ అయితే మొదటి లాగిన్ నుంచి లెక్క మొదలవుతుందా, క్యాలెండర్ రోజు లెక్కా అన్నది కూడా అడగండి.

ఓడలో అడుగు పెట్టగానే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయండి. తీరం దాటాక ఓడ సొంత మొబైల్ టవర్ మొదలవుతుంది. మీ ఫోన్ దాన్ని పట్టుకుందంటే మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ పనిచేయదు. ఓడల కోసమే ఉన్న ప్యాక్ లేకపోతే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది.

ఓడ వైఫైకి కలవడం ఉచితమే. డిన్నర్ మెనూ, మీ ఖాతా బిల్లు, ఓడ యాప్ దానిమీద నడుస్తాయి. బయటి నెట్‌కే డబ్బు. ల్యాప్‌టాప్‌ను ఆ వైఫైకి కలిపినప్పుడు లాగిన్ పేజీ తనంతట తాను రావాలి. రాకపోతే వరుసగా ఇవి చూడండి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపండి. సైట్ల పేర్లకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్‌ను మీరు ఎప్పుడో 8.8.8.8కో ఇంకోదానికో మార్చి ఉంటే ఆటోమేటిక్‌కు తిప్పండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ కూడా ఇదే గొడవ పెడుతుంది. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరవండి. అది భద్రతా పొర లేని మామూలు పేజీ కాబట్టి ఓడ సిస్టమ్ దాన్ని పట్టుకుని లాగిన్ పేజీకి మళ్లించగలదు. గూగుల్ లాంటి సైట్లను అలా మళ్లించలేదు, అందుకే అవి ఊరికే తిరుగుతూ ఆగిపోతాయి.

పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నం మళ్లీ డబ్బు కట్టమంటే కారణం ఎక్కువసార్లు ఒకటే: ల్యాప్‌టాప్ తన వైఫై చిరునామా మార్చేసుకుంది, ఓడ దాన్ని కొత్త డివైజ్ అనుకుంది. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌కు ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆఫ్ చేయండి. మ్యాక్‌లో, ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్‌ను ఫిక్స్‌డ్‌లో పెట్టండి. ఒకే డివైజ్ ప్యాక్‌ను ల్యాప్‌టాప్, ఫోన్ మధ్య మార్చి వాడుకోవాలంటే ఒకదానిలో లాగౌట్ నొక్కాకే రెండోదానిలో లాగిన్ అవ్వాలి. మూత మూసేస్తే లాగౌట్ అయినట్టు కాదు. నిమిషాల లెక్కన అమ్మే పాత పద్ధతి ఉన్న ఓడలో ఈ అలవాటు లేకపోతే మీరు నిద్రపోతున్నా నిమిషాలు కరిగిపోతాయి.

స్పీడ్ ఎందుకు పడిపోతుంది

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 (ping 8.8.8.8) కొట్టి చూడండి. చిన్న సందేశం ఒకటి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో అది చెబుతుంది. 600 మిల్లీసెకన్ల చుట్టూ వస్తే మీ ఓడ భూస్థిర ఉపగ్రహం మీద నడుస్తోంది. అది 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, వెళ్లి రావడానికే అంత సమయం పడుతుంది. 100 లోపు ఉంటే స్టార్‌లింక్ లాంటి తక్కువ ఎత్తు ఉపగ్రహాలు. అవి 550 కిలోమీటర్ల దగ్గర్లో తిరుగుతాయి. మొదటి రకంలో ఆఫీసు వీపీఎన్ వేయగానే ఇంకా నెమ్మదిస్తుంది. దూరం వల్ల పడే ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి ఓడ వైపు కొన్ని యంత్రాలు డేటాను మధ్యలో సర్దుతుంటాయి. వీపీఎన్ లోపలిది వాటికి కనపడదు, సర్దలేవు. అక్కడ రిమోట్ డెస్క్‌టాప్ ఆశ వదులుకుని ఫైలు దించుకుని, ఆఫ్‌లైన్‌లో పనిచేసి, తిరిగి ఎక్కించడమే మేలు.

మీటింగుల సమయం మీ చేతుల్లో ఉంటే తెల్లవారుజామున పెట్టుకోండి. లేదా ఓడ రేవులో ఆగి జనం ఒడ్డుకు దిగిపోయిన పూట పెట్టుకోండి. సముద్రంలోనే ఉండే రోజుల్లో సాయంత్రం నుంచి రాత్రి దాకా రద్దీ. ముఖాముఖి జూమ్ వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు కావాలి, అది నిలకడగా లేకపోతే కెమెరా ఆపేసి మాటతో సరిపెట్టుకోండి.

గదిలో సిగ్నల్ బలహీనంగా ఉంటే తలుపు వైపు జరగండి. గోడలు ఇనుపరేకువి, వైఫై పెట్టెలు చాలా ఓడల్లో కారిడార్‌లో ఉంటాయి. బాల్కనీ అన్నిటికన్నా దూరం. అక్కడ సముద్రం చూస్తూ పనిచేయాలనిపిస్తుంది గానీ ఉప్పుగాలి పోర్టులకు మంచిది కాదు. ఏసీ గదిలోంచి తీసిన చల్లటి ల్యాప్‌టాప్ మీద తేమ కూడా పట్టేస్తుంది. నార్వే, అలాస్కాల్లో కొండల మధ్య నీటిదారుల్లోకి వెళ్లినప్పుడు ఉపగ్రహానికి కొండ అడ్డొచ్చి నెట్ మొత్తం పోవచ్చు. దానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు. దేశాల తీరజలాల్లో అనుమతుల గొడవ వేరే. మన దేశంలో ఓడల్లో, విమానాల్లో నెట్‌కు నిబంధనలు 2018 డిసెంబరులో వచ్చాయి, లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారానే ఇవ్వాలి.

రేవులో ఆగినప్పుడు ఆ దేశపు ఈసిమ్ డేటాకు, మన సిమ్ ఎస్ఎంఎస్‌కు ఉంచుకోవడం మంచి ఏర్పాటు. మన సిమ్‌కు రోమింగ్ ముందే ఆన్ చేయించుకోండి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉంచండి. ఆగిపోయిన ఓటీపీ పనులన్నీ రేవులో ఉన్న ఆ కాసేపట్లో చూసుకోవచ్చు. ఉచిత వైఫై ఎక్కడ బాగుంటుందో ఓడ సిబ్బందిని అడగండి. నెలల తరబడి ఇంటికి ఫోన్ చేసేది వాళ్లే కాబట్టి ప్రతి రేవులో వాళ్లకు ఒక చోటు తెలిసే ఉంటుంది. వైజాగ్, పుదుచ్చేరి, చెన్నై లాంటి ట్రిప్‌లో తీరం దగ్గరున్నంతసేపు మన టవరే అందుతుంది. తీరం దూరమయ్యే ముందు మళ్లీ ఏరోప్లేన్ మోడ్.

డబ్బు కట్టాక గంటల తరబడి నెట్ రాకపోతే పింగ్ ఫలితం, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని గెస్ట్ సర్వీసెస్‌కు అదే రోజు వెళ్లండి. ఆఖరి ఉదయం అక్కడ బారెడు లైను ఉంటుంది. దిగే ముందు రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, చార్జర్ అందులో పెట్టేయకుండా చూసుకోండి. ఇంటికి వచ్చాక అప్‌డేట్‌లూ సింక్ బ్యాకప్‌లూ మళ్లీ ఆన్ చేయండి.