కాలేజీ పత్రికలో విలేకరి పని నేర్చుకోవాలంటే

కాలేజీ పత్రిక పెడదామనుకోగానే కవితలు, ప్రిన్సిపాల్ సందేశం, వార్షికోత్సవం ఫొటోలు పోగవుతాయి. అది మ్యాగజైన్. విలేకరి పని నేర్పేది వార్తాపత్రిక. ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు. నెలకో సంచిక. మొదట్లో అంతకు మించి పెట్టుకోవద్దు. ఎనిమిది పేజీలతో ఆర్భాటంగా మొదలుపెడితే రెండో సంచికకే వార్తలు చాలవు, ఖాళీ నింపడానికి మళ్లీ కవితలే దిక్కవుతాయి.

ఏడుగురు సరిపోతారు: నలుగురు విలేకర్లు, వార్తలు దిద్దే డెస్కులో ఇద్దరు, పేజీలు పెట్టడానికి ఒకరు. రాసినవాళ్లే తమ వార్తను దిద్దుకోకూడదు. తెలిసిన విషయం కాబట్టి రాయని ముక్క కూడా రాసినట్టే కనిపిస్తుంది. విలేకర్లకు బీట్లు, అంటే ఎవరు ఏ విభాగం చూడాలో, పంచండి: హాస్టళ్లు, పరీక్షల విభాగం, ఫీజులు-స్కాలర్‌షిప్పులు, బస్సులు-ఆటలు. వార్త ఉన్నా లేకపోయినా వారానికోసారి వార్డెన్‌ను, ఆఫీసు గుమస్తాను, వాచ్‌మన్‌ను పలకరించి రావాలి. నోటీసు బోర్డును తేదీ కనిపించేలా ఫొటో తీసి దాచుకోవాలి. ఆ నోటీసు తర్వాత మాయమైతే పనికొచ్చేది ఆ ఫొటోనే.

"హాస్టల్లో నీటి సమస్య" వార్త కాదు, అది సమస్య పేరు మాత్రమే. "మూడు ఫిల్టర్లలో రెండు నెల రోజులుగా పనిచేయడం లేదు" అంటే వార్త. ఇది రాయాలంటే వెళ్లి కుళాయి తిప్పి చూడాలి, మరమ్మతు రిజిస్టరు అడగాలి, వార్డెన్‌తో మాట్లాడాలి. కళ్లతో చూసింది, కాగితంలో ఉన్నది, మనిషి చెప్పింది: మూడూ కుదిరాకే రాయడం మొదలుపెట్టండి.

ప్రతి కాలేజీలో దొరికే మంచి వార్త ఒకటుంది. కౌన్సెలింగ్‌లో వేరేచోట సీటొచ్చి వెళ్లిపోతున్న విద్యార్థికి ఫీజు తిరిగివ్వకపోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేయడం. మొదట నిబంధన దగ్గర పెట్టుకోండి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకుముందే తప్పుకుంటే ఫీజు మొత్తం ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద కొంత మినహాయించుకోవచ్చు. ఆ 15 రోజుల లోపైతే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80 శాతం, 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. ఆ తర్వాత ఫీజు రాదు గానీ కాషన్ డిపాజిట్ (చేరేటప్పుడు కట్టిన ధరావతు) రావాలి. కొన్ని విద్యాసంవత్సరాలకు వేరే ఉత్తర్వులు కూడా వచ్చాయి కాబట్టి ఆ ఏడాదివి వెతకాలి. ఇంజినీరింగ్ కాలేజీ అయితే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నిబంధనలు చూడాలి.

కొత్తవాళ్లు పొరబడేది తేదీ దగ్గరే. డబ్బు అడిగిన రోజు కాదు, సీటు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం కాలేజీకి అందిన రోజు లెక్క. దానిమీద ఇన్‌వర్డ్ ముద్ర, అంటే అందినట్టు ఆఫీసు వేసే తేదీ ముద్ర, ఉందా చూడండి. 60,000 కట్టి, చివరి తేదీ దాటిన పదో రోజున కాగితం ఇస్తే 48,000 రావాలి. అదే కాగితం చివరి తేదీకి పది రోజుల ముందు ఇచ్చి ఉంటే 54,000. ముద్ర లేకపోతే ఏ లెక్కా నిలబడదు. ఒక్కరి మాటతో రాయకుండా కనీసం ముగ్గురి రసీదులు, దరఖాస్తులు చూడండి.

తర్వాత ఆఫీసుకు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇచ్చి రెండు రోజుల గడువు పెట్టండి. "యాజమాన్యం స్పందించలేదు" అని ఊరుకోకుండా ఎవరికి, ఏ తేదీన, ఎలా పంపారో రాయండి. "దోచుకుంటున్నారు" లాంటి మాటలు వద్దు. 48,000 రావాల్సిన చోట ఎంత ఇచ్చారో రాస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది. పరువునష్టం కేసు, అంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, విద్యార్థి పత్రికనేమీ మినహాయించదు.

ప్రభుత్వ కాలేజీ, యూనివర్సిటీ అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నెలవారీ పత్రిక కాబట్టి ఒక సంచిక ముందే పెట్టాలి. ప్రైవేటు కాలేజీ అయితే అనుబంధ యూనివర్సిటీ దగ్గరున్న కాగితాలు అడగండి. "ఎందుకు చేయలేదు" అంటే జవాబు రాదు, "ఫలానా రిజిస్టరు నకలు ఇవ్వండి" అనండి.

రాసేటప్పుడు వార్త 250 మాటలు దాటనివ్వకండి. "సమావేశం నిర్వహించడం జరిగింది" అనే మొదటి వాక్యాన్ని డెస్కు నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి. సమావేశంలో ఏం తేలిందో అదే ఇంట్రో, అంటే వార్తకు మొదటి వాక్యం. సభలో మాట్లాడినవాళ్ల పేర్లన్నీ వరసగా రాసే అలవాటు తెలుగు పత్రికల్లో పాతుకుపోయింది, మీరైనా మానుకోండి. మెస్ కుర్రాడు మాట్లాడిన యాసను గ్రాంథికంలోకి మార్చొద్దు. వెటకారం చేసినట్టు కనిపించేలా సాగదీయొద్దు కూడా.

ర్యాగింగ్, వేధింపుల వార్తల్లో బాధితుల పేరే కాదు, బ్రాంచి, హాస్టల్ గది నంబరు కూడా రాయకూడదు. క్యాంపస్ చిన్నది, రెండు ఆనవాళ్లు చాలు పట్టేస్తారు. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. జూనియర్ కాలేజీలో చాలామంది 18 నిండనివాళ్లే కాబట్టి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) నిబంధనలూ వర్తిస్తాయి.

పేజీలు పెట్టేచోట తెలుగు ఏడిపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసి, పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పెడితే ఒత్తులు విడిపోవచ్చు. పారాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే సర్దుకుంటాయి. యూనికోడ్ కాని అను ఫాంట్ల నుంచి మార్చిన మ్యాటర్‌లో అంకెలు, కొటేషన్ గుర్తులు, అరుదైన ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూడాలి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకగా వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. ప్రెస్సుకు పీడీఎఫ్ ఇచ్చే ముందు ప్రింటు తీసి కాగితం మీదే ప్రూఫ్ చూడండి. పేర్లు, ఇంటిపేర్లు, హోదాలు, మొత్తాలు, ఫొటో కింది వ్యాఖ్యలు చివర్లో మరోసారి. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు దొర్లేది పెద్ద హెడ్డింగుల్లోనే, అక్కడ తప్పుంటుందని ఎవరూ అనుకోరు గనక.

తప్పు అచ్చయితే తర్వాతి సంచికలో ఆ వార్త వచ్చిన పేజీలోనే సవరణ వేయండి. ప్రకటనలు గేటు ముందు జిరాక్స్ షాపువాళ్లను అడగొచ్చు. మీరు ఏ కోచింగ్ సెంటర్ ఫీజుల మీద వార్త రాయబోతున్నారో దాన్ని అడగొద్దు. సలహాదారు అధ్యాపకులు ఏం చూడాలో మొదటి సంచికకు ముందే ఒక కాగితం మీద రాసుకుని మీరూ, వాళ్లూ సంతకాలు పెట్టుకోండి: నిజానిజాలు, చట్టం వాళ్లు చూస్తారు, ఏ వార్త వేయాలో డెస్కు తేలుస్తుంది. అయినా ఏదో ఒక వార్త ఆగుతుంది. కాగితాలు ఫైల్లో పెట్టి ఉంచండి, వచ్చే నెల ఫాలోఅప్‌కు అవే ఆధారం.