మూలనపడిన మీడియం వేవ్ రేడియోను మళ్ళీ పలికించుకోవడం ఎలా

అటక మీద నుంచి పాత రేడియోను దించి, దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, ముల్లును ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి, గరగర తప్ప మరేమీ వినిపించకపోయేసరికి ఏఎం (అంటే ఈ మీడియం వేవ్) రేడియో కాలం చెల్లిందని నిర్ధారించుకుని తిరిగి అటకెక్కించినవారిని మా కావలిలో చాలామందిని చూశాను. వారి నిర్ధారణలో కొంత నిజం లేకపోలేదు. ప్రసారాలు తగ్గిన మాట వాస్తవమే. అయితే వినిపించకపోవడానికి కారణం చాలా ఇళ్ళలో ప్రసార కేంద్రం దగ్గర కాక మన గోడల మధ్యనే ఉంటోందని, ఒక సాయంత్రం ఓపిక పడితే దానిని చాలావరకు తొలగించుకోవచ్చని నా అనుభవం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నవారు ఆ పని ఎలా చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ప్రసారాలు ఎందుకు తగ్గాయో నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. మీడియం వేవ్ ప్రసారం ఖరీదైన పని. విజయవాడ కేంద్రానికి కేటాయించిన 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అందులో నాలుగో వంతు ఎత్తున స్తంభం నిలబెట్టాలన్నా 90 మీటర్లు కావాలి, దాని చుట్టూ నేలలో తీగలు పరచడానికి ఎకరాల కొద్దీ స్థలం కావాలి, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌కు గంటల తరబడి కరెంటు కావాలి. 1977 జూలై 23న మద్రాసులో మొదలైన ఎఫ్ఎం ప్రసారం ఇంత మోత లేకుండా, ఇంతకన్నా శుభ్రమైన ధ్వనితో పాటలు వినిపించింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు వచ్చాయి, ఆ తరువాత ఫోన్ వచ్చింది. రాత్రంతా వినిపించేందుకు 1988లో మొదలుపెట్టిన ఆకాశవాణి జాతీయ ఛానల్ సైతం 2019 నాటికి మూగబోయింది. ఇదంతా నిజమే అయినా, ఎఫ్ఎం తరంగం ఇంచుమించు కంటిచూపు మేరకే వెళుతుందని, కొండ అడ్డం వస్తే అక్కడే నీరసిస్తుందని, మీడియం వేవ్ మాత్రం నేలను పట్టుకుని పాకుతూ వందల కిలోమీటర్లు వస్తుందని, ఉప్పునీటి మీదుగా అయితే మరింత బలంగా వస్తుందని మరువకూడదు. ఉదయగిరి కొండల పక్కనున్న పల్లెకూ, తీరానికి దూరంగా వేటకు వెళ్ళిన పడవకూ ఈ తేడా చిన్నది కాదు.

ఇక పని మొదలుపెడదాం. మీ దగ్గరున్నది వాల్వుల సెట్టు అయితే దాని వెనుక అట్టను విప్పవద్దు. లోపల 200 వోల్టులకు పైబడిన కరెంటు ఉంటుంది, ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. దానిని తెలిసిన మెకానిక్‌కే అప్పగించాలి. ట్రాన్సిస్టర్ సెట్టుకు ఆ భయం లేదు. బ్యాటరీల గదిని తెరిచి చూస్తే, ఏళ్ళ క్రితం వదిలేసిన సెల్స్ కారి, స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉండటం సర్వసాధారణం. పొడి బ్రష్షుతో దానిని రాల్చి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొంచెం స్పిరిట్ అద్దిన దూదితో తుడవాలి. వాల్యూమ్ నాబ్ తిప్పుతుంటే కరకరలాడితే, స్విచ్చి ఆపి దానిని ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్పైసార్లు తిప్పండి. చాలా సెట్లలో ఆ ఒక్క పనితోనే గొంతు విచ్చుకుంటుంది. ముల్లు కదలకపోతే డయల్ దారం తెగి ఉంటుంది. ధ్వని బాగా నీరసంగా ఉన్నా, పడవ ఇంజన్ లాగా బుడబుడమన్నా, లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయాయని అనుమానించాలి. వాటి ఖరీదు తక్కువే కనుక మెకానిక్ చేత మార్పించుకోవడం మేలు.

లోపల ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగుల తలలున్న చిన్న లోహపు డబ్బాలు కనిపిస్తాయి. వాటిలో ఎరుపు తలది ఆసిలేటర్ కాయిల్, మిగిలినవి ఐఎఫ్‌టీలు; స్టేషన్లను విడదీసి పట్టే తీగచుట్లు ఇవి. స్క్రూలలాగా ఉన్నాయని వాటిని బిగించబోతే, 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఫ్యాక్టరీలో కుదిర్చిన అమరిక చెడి సెట్టు చెవిటిదైపోతుంది. నేను ఆ తప్పు చేయబోతుండగా నెల్లూరులో ఒక వృద్ధ మెకానిక్ నా చేయి పట్టుకుని, "అబ్బయా, అది మాత్రం తిప్పబాక, దాని జోలికి పోబాక" అన్నారు. ఆయన మాట మీకూ చెబుతున్నాను.

సెట్టు బాగున్నదో లేదో తేల్చుకోవడానికి ఇల్లు సరైన చోటు కాదు. బ్యాటరీలతో దానిని పొలం గట్టు మీదికో, కరెంటు తీగలు లేని ఇసుక తిన్నె మీదికో తీసుకువెళ్ళి, ఉదయం పూట గానీ సాయంత్రం పూట గానీ వినండి. అక్కడ పలికిన సెట్టు ఇంటికి రాగానే గరగరలాడితే, జబ్బు సెట్టుది కాదు, ఇంటిది. ఈ ఒక్క పరీక్ష చేయక ఎన్ని మంచి రేడియోలు పాత సామాన్ల బండికి వెళ్ళిపోయాయో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇంటి జబ్బు ఏమిటంటే, మనం గత ఇరవై ఏళ్ళలో కొనుక్కున్న వస్తువులలో చాలా భాగం కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంపి కలుపుతూ పనిచేస్తాయి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, టీవీ, సెట్‌టాప్ పెట్టె, ఇన్వర్టర్, మిద్దె మీది సౌర విద్యుత్తు పరికరం, గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఇవన్నీ ఆ తెంపడం కలపడంలో పుట్టిన రొదను ఇంటి తీగల ద్వారా మీడియం వేవ్ బ్యాండంతా వెదజల్లుతాయి. ఏఎం పద్ధతిలో మాట తరంగపు ఎత్తుపల్లాల రూపంలో ప్రయాణిస్తుంది, రొద కూడా ఎత్తుపల్లాలుగానే చేరుతుంది. అందువల్ల సెట్టు ఆ రెంటినీ వేరు చేయలేదు. విదేశాలలో కొన్ని కార్ల కంపెనీలు తమ విద్యుత్ కార్లలో ఏఎం రేడియో పెట్టడం మానుకోవడానికి చెప్పిన కారణం కూడా మోటారు నుంచి పుట్టే ఈ రొదే.

దానిని పట్టుకునే విధానం ఇది. రేడియోను బ్యాటరీల మీద నడుపుతూ, కొంచెం బలహీనంగా వచ్చే ఒక స్టేషన్ దగ్గర ముల్లును నిలిపి, ఇంటి మెయిన్ స్విచ్చిని ఆపండి. ఇన్వర్టర్ ఉన్నవారు దానిని కూడా ఆపాలి, లేకపోతే పరీక్షకు అర్థం ఉండదు. రొద ఒక్కసారిగా అణిగితే నేరం మీ ఇంటిదే. ఇప్పుడు మెయిన్ వేసి, గదుల స్విచ్చిలను ఒక్కొక్కటిగా వేస్తూ, ఏది వేసినప్పుడు రొద పుడుతుందో కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో నెలల తరబడి నన్ను వేధించిన బొయ్యిమనే శబ్దం నడవలోని ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి వచ్చింది. దాని స్థానంలో మెట్లు మెట్లుగా తిరిగే కండెన్సర్ రెగ్యులేటర్ పెట్టించిన సాయంత్రం విజయవాడ స్పష్టంగా వినిపించింది. రొద చేసే ఛార్జర్‌ను వినే వేళకు ప్లగ్గు నుంచి పీకేస్తే చాలు. రేడియోకు బ్యాటరీల బదులు చవక అడాప్టర్ తగిలించడం మాత్రం దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. మెయిన్ ఆపినా రొద తగ్గకపోతే అది వీధి తీగల నుంచి వస్తున్నది. సముద్రపు గాలిలోని ఉప్పు స్తంభాల మీది పింగాణీ గిన్నెలకు పట్టినప్పుడు, తేమ తగిలి అక్కడ సన్నని నిప్పురవ్వలు ఆడుతుంటాయి. కొత్తపట్నం, కృష్ణపట్నం వంటి తీర గ్రామాలవారికి ఇది అనుభవమే. గట్టి వాన పడి ఉప్పు కడుక్కుపోయిన తరువాత రొద తగ్గితే కారణం అదేనని గ్రహించి, విద్యుత్ శాఖవారికి ఆ స్తంభం నంబరుతో సహా తెలియజేయవచ్చు.

తరువాతి సంగతి దిక్కు. ట్రాన్సిస్టర్ సెట్టు లోపల పై భాగాన, పొడవు వాటంగా, రాగి తీగ చుట్టిన నల్లని ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. మీడియం వేవ్‌కు యాంటెన్నా అదే. బయటికి లాగే నిలువు కడ్డీకి ఇక్కడ పని లేదు. ఫెర్రైట్ కడ్డీ తన పక్కల నుంచి వచ్చే తరంగాన్ని బలంగా అందుకుంటుంది, తన కొనల వైపు నుంచి వచ్చేదానిని దాదాపు అందుకోదు. నెల్లూరు నుంచి చూస్తే విజయవాడ ఉత్తరాన, కొద్దిగా తూర్పుకు ఒరిగి, సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెన్నై దక్షిణాన 150 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. కడప ఇంచుమించు నేరుగా పడమర. కాబట్టి నెల్లూరు, కావలివారు సెట్టు ముఖాన్ని ఉత్తరానికో దక్షిణానికో తిప్పి పెడితే 837 మీద విజయవాడకు, 720 మీద చెన్నైకి అది అనువుగా ఉంటుంది. 900 మీద కడపను వెతకాలంటే తూర్పుకో పడమరకో తిప్పాలి. కడప తరంగం వెలిగొండలను దాటి రావలసి ఉన్నందున దగ్గరి ఊరైనా కొంత బలం కోల్పోతుంది. ఒంగోలుకు విజయవాడ ఈశాన్యాన 130 కిలోమీటర్లలోపే కనుక అక్కడివారికి ఇబ్బంది తక్కువ. మార్కాపురం వైపువారికి విజయవాడ తూర్పు ఈశాన్యాన పడుతుంది కనుక పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది. రొదను అణచడానికి కూడా ఇదే గుణం పనికివస్తుంది: స్టేషన్ కొంచెం తగ్గినా సరే, రొద పూర్తిగా మాయమయ్యే కోణం వచ్చేదాకా సెట్టును మెల్లగా తిప్పండి. చెవికి బలం కన్నా శుభ్రత ముఖ్యం.

డయల్ మీది అంకెల గురించి ఒక మాట. 1978 నవంబరు 23 నుంచి మన ప్రాంతంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్‌గా స్థిరపడింది. అందువల్ల 720, 738, 837, 900 వంటి ప్రతి సంఖ్యా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. అంకెలు చూపించే డిజిటల్ సెట్టు అమెరికా పద్ధతిలో 10 చొప్పున గెంతేలా అమర్చి ఉంటే అది 830 నుంచి 840కి దూకుతుందే తప్ప 837 మీద నిలవదు. సెట్టులో 9, 10ల మధ్య ఎంచుకునే వీలుంటుంది, దానిని 9కి మార్చాలి. పాత డయల్ మీద మీటర్లే ఉంటే 300000ను ఆ మీటర్లతో భాగిస్తే కిలోహెర్ట్జ్ వస్తుంది.

పట్టుకున్నది ఏ స్టేషనో తెలియనప్పుడు, ఫోన్‌లో ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ తెరిచి విజయవాడ ప్రసారాన్ని పక్కన పెట్టి పోల్చండి. కొన్ని సెకన్ల వెనుకగా అదే మాట ఫోన్‌లో వస్తే అది విజయవాడే. మాటా పాటా లేకుండా ఒకే తీరున బలంగా హోరు మాత్రం వినిపించే చోటు ఎదురైతే, సెట్టును తిప్పి చూడండి. ఏదో ఒక దిక్కున ఆ హోరు మాయమైతే అది డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం కావచ్చు. దానిని వినడానికి వేరే సెట్టు కావాలి. మన పాత సెట్టు చెడిపోలేదు.

పగలు వినిపించే స్టేషన్లు వేరు, రాత్రి వినిపించేవి వేరు. పగటిపూట సూర్యరశ్మి వల్ల ఆకాశంలో 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోయి, దానికి పైనున్న పొరలు తరంగాన్ని నేలకు తిప్పి పంపుతాయి. హైదరాబాదు 738 మీద, బెంగళూరు 612 మీద మన తీరానికి చేరేది ఆ వేళే. ధ్వని అలలాగా లేస్తూ పడుతూ ఉండటం అప్పటి సహజ లక్షణం. ఎండాకాలపు సాయంత్రాలలో ఎక్కడో ఉరిమిన మెరుపు కూడా ఫెళ్ళున వినిపిస్తుంది కనుక, కొత్తగా ప్రయత్నించేవారు చలికాలంలో తెల్లవారుజామును ఎంచుకోవడం మంచిది.

ఇంతచేసినా స్టేషన్ నీరసంగా ఉంటే, సెట్టును విప్పకుండానే బలం తెచ్చే చట్రం ఒకటి చేసుకోవచ్చు. మూడేసి అడుగుల రెండు కర్రలను కూడిక గుర్తులాగా అడ్డంగా బిగించి, నాలుగు కొనల మీదుగా ప్లాస్టిక్ తొడుగున్న సన్నని రాగి తీగను పది చుట్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య అరసెంటీమీటరు ఎడంతో చుట్టాలి. పాతిక ముప్పై మీటర్ల తీగ సరిపోతుంది. తీగ రెండు కొసలనూ, పనికిరాని సెట్టు నుంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కు (స్టేషన్ మార్చే నాబ్ తిప్పేది దీనినే) కలపాలి. ఈ చట్రాన్ని రేడియో పక్కన జానెడు దూరంలో, తీగ చుట్లు ఫెర్రైట్ కడ్డీ మీది చుట్లకు సమాంతరంగా ఉండేలా నిలబెట్టి, గ్యాంగ్‌ను మెల్లగా తిప్పితే ఒకచోట స్టేషన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. సెట్టుకు తీగ తగిలించనక్కర లేదు. బ్యాండు కింది కొసలో అది కుదరకపోతే ఒక చుట్టు పెంచండి, పై కొసలో కుదరకపోతే ఒకటి తగ్గించండి. మిద్దె మీద పొడుగాటి తీగ కట్టే పాత అలవాటు కన్నా దీనినే నేను కోరుకుంటాను. పిడుగు భయం, కరెంటు తీగల భయం దీనికి లేవు.

1989 నవంబరులో తుఫాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేని మా వీధికి కబురు తెచ్చింది మా నాన్నగారి ట్రాన్సిస్టరే. ఈ రోజుల్లో సెల్ టవర్లున్నా, వాటి బ్యాటరీలు ఎంతసేపు నిలుస్తాయో మన చేతిలో లేదు. అందుకే అక్టోబరు మొదట్లో, ఈశాన్య రుతుపవనాలకు ముందే, పైన చెప్పిన పరీక్షలన్నీ ఒకసారి చేసి పెట్టుకోండి. దూరపు కేంద్రాలలో ఏవి ఏ వేళ వినిపిస్తున్నాయో ఏడాదికేడాది మారుతున్నది కనుక, మీ ఇంట్లో మీ చెవికి అందినవాటి అంకె, వేళ, సెట్టు ముఖం ఏ దిక్కున ఉన్నదీ ఒక చీటీ మీద రాసి వెనుక మూత లోపల అంటించండి. బ్యాటరీలను మాత్రం సెట్టులో ఉంచకుండా బయటికి తీసి, విడిగా పొట్లం కట్టి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట దాని పక్కనే పెట్టండి.