రిపీటర్ డూప్లెక్సర్‌ను ట్యూన్ చేయడం ఎలా?

బలహీనమైన రేడియో సంకేతాన్ని అందుకుని బలంగా తిరిగి ప్రసారం చేసేది రిపీటర్. అది ఒకే యాంటెన్నాతో ఒకే సమయంలో వినాలి, మాట్లాడాలి. ప్రసార శక్తి రిసీవర్‌లోకి దూరకుండా రెండు దారులనూ విడదీసే లోహపు డబ్బాల ఫిల్టరే డూప్లెక్సర్. అభిరుచితో రేడియో నడిపే హామ్‌ల 2 మీటర్ల బ్యాండునే తీసుకుందాం. 145.000 మెగాహెర్ట్జ్ మీద వింటూ 145.600 మీద ప్రసారం చేసే రిపీటర్‌లో ఈ రెండింటికీ ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ శక్తి +47 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెళ్లలో చెప్పే కొలత). రిసీవర్ పట్టుకోవాల్సిన పావు మైక్రోవోల్టు సంకేతం -119 డీబీఎం. తేడా 166 డెసిబెళ్లు. చెవి పక్కన డప్పు మోగుతుండగా ఊరి చివరి పిలుపును వినడం లాంటిదిది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున చేతి రేడియో పట్టుకున్న మనిషి గొంతు రిపీటర్‌కు అందుతుందా లేదా అన్నది ఈ లోహపు డబ్బాల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పనిని ఓపికగా చేయాలి.

ముందు దోషి ఎవరో తేల్చండి

రిపీటర్ సరిగ్గా వినడం లేదనగానే స్క్రూడ్రైవర్ తీయకండి. యాంటెన్నా బదులు డమ్మీ లోడు (శక్తిని ప్రసారం చేయకుండా వేడిగా మింగేసే నిరోధకం) పెట్టి, దానికి ముందు ఒక కప్లర్ (లైనులోకి కొద్ది సంకేతాన్ని కలిపే పరికరం) ద్వారా సిగ్నల్ జనరేటర్ నుంచి అరకొరగా వినిపించేంత సంకేతం ఇవ్వండి. రిసీవర్ స్పీకర్ దగ్గర చెవి పెట్టి, ట్రాన్స్‌మిటర్‌ను ఆన్, ఆఫ్ చేయండి. ఆన్ చేసినప్పుడల్లా గురగుర పెరిగి మాట మునిగిపోతుంటే లోపం డూప్లెక్సర్‌లో, రేడియోల్లో లేదా వాటి మధ్య కేబుళ్లలో ఉంది. డమ్మీ లోడుతో బాగుండి, యాంటెన్నా తగిలించగానే పాడైతే డూప్లెక్సర్‌ను ముట్టుకోవద్దు. నీరు దిగిన ఫీడర్ కేబుల్ (యాంటెన్నాకు వెళ్లే తీగ), తుప్పు పట్టిన క్లాంపు, వదులైన కనెక్టర్, వీటిని వెతకండి.

ఏ వైపు ఏం ఆపుతుంది?

చాలామంది తడబడేది ఇక్కడే. డూప్లెక్సర్‌లోని ఒక్కో లోహపు డబ్బాను కేవిటీ అంటారు. రిసీవర్ వైపు కేవిటీలు 145.600ను ఆపుతాయి, అంటే ట్రాన్స్‌మిటర్ అసలు శక్తిని అడ్డుకుంటాయి. ట్రాన్స్‌మిటర్ వైపు కేవిటీలు 145.000ను ఆపుతాయి, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ కూడా కొంత రొద చిమ్ముతుంది. ఆ రొద రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీదే పడితే రిసీవర్ దాన్ని వడగట్టలేదు. కాబట్టి రెండు వైపులా నాచ్, అంటే ఒక ఫ్రీక్వెన్సీని ఆపే గుంత, లోతుగా ఉండాలి. ఈ బ్యాండులో ఒక్కో వైపు 80 డెసిబెళ్లకు పైగా అడ్డుకట్ట కావాలి.

ట్యూనింగ్

డూప్లెక్సర్‌ను గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత దాటుతుందో, ఎంత వెనక్కి వస్తుందో తెర మీద చూపే వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్‌ను మీరు వాడబోయే కేబుళ్లతోనే క్యాలిబ్రేట్ చేయండి. దాని చవకైన చిన్న రూపం నానోవీఎన్ఏ కూడా సరిపోతుంది. కానీ అది చూడగలిగేది సుమారు 70 డెసిబెళ్ల లోతు వరకే, మొత్తం నాచ్ దాని కంటికి అందదు. అందుకే కేవిటీలను విడదీసి ఒక్కొక్కటిగా ట్యూన్ చేయాలి.

చాలా కేవిటీల్లో పొడవైన రాడ్ పాస్ ఫ్రీక్వెన్సీని (దాటనివ్వాల్సిన దాన్ని), లూప్ దగ్గరి చిన్న ట్రిమ్మర్ నాచ్‌ను మారుస్తాయి. రాడ్‌ను లోపలికి తోస్తే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. పాస్‌ను శిఖరం చూసి సరిచేయకండి. అది చదునుగా ఉండి మోసం చేస్తుంది. రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చే సంకేతం ఎంత తగ్గిందో చెప్పే కొలత) గుంత ఎక్కడ పడుతుందో చూసి సరిచేయండి. తరువాత నాచ్ సవరించండి. ఒకటి కదిపితే రెండోది కాస్త జరుగుతుంది కాబట్టి రెండు మూడు సార్లు తిరగాలి.

లాక్ నట్ బిగించేటప్పుడు తెర మీంచి చూపు తిప్పకండి. అంతా కుదిరిందనుకున్న నాచ్, నట్‌కు పావు తిప్పు పడగానే పక్కకు జారుతుంది. కొంచెం అవతలికి పెట్టి, బిగింపుతోనే చోటుకు తెచ్చే నేర్పు చేతికి రావాలి.

అన్నీ కలిపాక తుది పరీక్ష: ట్రాన్స్‌మిటర్ పోర్టులో 145.000 సంకేతం ఇచ్చి, యాంటెన్నా పోర్టులో అటెన్యుయేటర్ (సంకేతాన్ని తగ్గించే పరికరం) ద్వారా రిసీవర్ పెట్టండి. మిగిలిన రిసీవర్ పోర్టుకు 50 ఓంల లోడు ఉండాలి. నాచ్ లోతు పెరిగేకొద్దీ జనరేటర్ స్థాయి పెంచుతూ వెళ్లండి. రెండో వైపుకు 145.600తో ఇదే పద్ధతి. ట్రాన్స్‌మిటర్ పూర్తి శక్తిని పెట్టి, వాట్‌మీటర్‌లో ఎక్కువ కనిపించే చోట ఆపడం మాత్రం ట్యూనింగ్ కాదు. 1.5 డెసిబెళ్ల నష్టంతో 50 వాట్లలో 35 బయటికి వస్తే అది సహజమే.

ఇంకా సరిపడకపోతే

కేవిటీలను కలిపే కేబుళ్లను ఇష్టమొచ్చిన పొడవుకు మార్చకండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 0.66 వేగ గుణకమున్న (సంకేతం కాంతి వేగంలో 66 శాతంతో వెళ్లే) కేబుల్లో పావు తరంగం 34 సెంటీమీటర్లు. అయితే కనెక్టర్ల, లూప్‌ల పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. చుట్టూ ఒకే లోహపు అల్లిక ఉన్న ఆర్‌జీ-58 కేబుల్ తీసేసి, రెండు అల్లికల ఆర్‌జీ-214 లేదా ఆర్‌జీ-400 వేయండి. ఒకదాని మీద ఒకటి తగిలించిన అడాప్టర్లు చిటపటలకు పుట్టిల్లు. స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో కనెక్టర్‌ను నెమ్మదిగా తట్టండి. ఎక్కడ తట్టినప్పుడు స్పీకర్ చిటపటమంటే అక్కడే లోపం.

ఉదయం బాగుండి, పది నిమిషాలు ప్రసారం చేశాక చెడుతుంటే కేవిటీ వేడెక్కి నాచ్ జరుగుతోందని అర్థం. అప్పుడు వేడిగా ఉండగానే కొలవండి, చల్లారాక మళ్లీ కొలవండి. రెండింటి మధ్య నాచ్ ఎంత జరిగిందో కాగితం మీద రాసి డబ్బాకే అంటించండి.