క్వినాగ్: 808 మీటర్లే కదా అని బయల్దేరకండి

స్కాట్లాండ్ హైలాండ్స్ అనగానే అందరూ అక్కడి అన్నిటికన్నా ఎత్తైన కొండ బెన్ నెవిస్ మీద పడతారు. కాస్త ఓపిక చేసుకుని వాయవ్య మూలకి, అసింట్ దాకా వెళ్తే క్వినాగ్ ఉంది, గేలిక్‌లో ఆ పేరుకి పాలకుండ అని అర్థం. మూడు శిఖరాలు, ఎత్తైనది 808 మీటర్లు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, కానీ మూడూ తిరిగొస్తే దాదాపు 14 కిలోమీటర్లు, దిగి మళ్లీ ఎక్కేవన్నీ కలిపితే 1,100 మీటర్ల ఎక్కుడు.

టైం ముందే లెక్కేసుకోండి. 1892లో నేస్మిత్ అనే పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకి 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అలా చూస్తే నాలుగున్నర గంటల పైచిలుకు వస్తుంది, అయితే అది ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్లకి. రాళ్ల మీద మనలాంటివాళ్లకి ఏడెనిమిది గంటలు పట్టుద్ది. డిసెంబర్లో అక్కడ పగలే ఆరు గంటల చిల్లర, కాబట్టి మే, జూన్ నయం.

ఎ894 రోడ్డు పక్కన పార్కింగ్ ఉంది. అక్కణ్ణుంచి ముందు దక్షిణపు శిఖరం, 764 మీటర్లది ఎక్కండి. దారంతా ఏటవాలుగా పరిచిన తెల్లటి క్వార్ట్‌జైట్ రాతి పలకలు, పొడిగా ఉంటే హాయిగా నడిచిపోవచ్చు, తడిస్తే మాత్రం జారుతుంది. పైకెళ్లేకొద్దీ విరిగిన ముక్కలు వస్తాయి, అడుగేస్తే పింగాణీ పళ్లేలు రాసుకున్నట్టు చప్పుడు. ఆ చప్పుడొచ్చిందంటే రాయి కదులుతోందని, బరువు మొత్తం వెయ్యకుండా ముందు కాలితో నొక్కి చూడండి.

శిఖరం దాటి కనుమలోకి దిగాక వాచీ చూసుకోండి, అసలు నిర్ణయం అక్కడే. ఆలస్యమైనా, మబ్బు దిగినా తూర్పుగా కిందున్న చిన్న సరస్సు వైపు దారి పట్టి పార్కింగ్‌కి వచ్చెయ్యండి, మిగతా రెండూ ఎక్కడికీ పోవు. పడమటి వైపంతా నిట్టనిలువు కొండచరియలు, పొగమంచులో అంచు ఎక్కడుందో తెలీదు. ఫోన్ మ్యాప్ ఒక్కటే నమ్ముకోవద్దు, చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, కాగితం మ్యాపూ దిక్సూచీ ఉండాల్సిందే. ఏదైనా అయితే 999కి ఫోన్ చేసి పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. సిగ్నల్ లేదా, నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి.

ఎండాకాలంలో గాలి ఆగిందంటే మిడ్జెస్ అనే నలకంత దోమలు మొహం మీద ముసురుకుంటాయి, తలకి వల టోపీ పెట్టుకోండి, సిగ్గుపడకండి. తిరిగొచ్చి కారెక్కేముందు మోకాళ్ల వెనకా, నడుం దగ్గరా పిడుదులు పట్టాయేమో వెతుక్కోండి. కనబడితే ట్వీజర్‌ని చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగాలి, నలిపితే ఇంకా ప్రమాదం.