బిల్డ్ పాస్, నడిచిన పరీక్షలు సున్నా

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు అద్దె లెక్కగట్టే జావా సాఫ్ట్‌వేర్ మాది. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, నిల్వ నెలలు మారితే అద్దె మారుతుంది. అంటే కోడ్‌ను తనిఖీ చేసే ఒకే పరీక్షను పలు విలువలతో నడపాలి. జావా పరీక్షలు రాసే టెస్ట్‌ఎన్‌జీ లైబ్రరీలో డేటా ప్రొవైడర్ ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. అయినా నేను అలాంటిదే మరో లైబ్రరీ, 2017లో వచ్చిన జేయూనిట్ 5 వైపే మొగ్గాను. అందులో పలు విలువలతో నడిచే పారామిటరైజ్డ్ టెస్ట్‌కు సీఎస్‌వీ సోర్స్ (కామాలతో విడదీసిన విలువల వరుసలు) జోడిస్తే అద్దె పట్టిక మొత్తం కళ్లముందే ఉంటుంది. గుమాస్తా గారు కూడా చదివి తప్పు పట్టగలరు! పైగా పాత జేయూనిట్ 4 పరీక్షలను పారేయనక్కర్లేదు.

చిక్కు మేవెన్ దగ్గర వచ్చింది. కోడ్‌ను కంపైల్ చేసి, పరీక్షలు నడిపి, బిల్డ్ తయారుచేసే సాధనం అది. కొత్త పరీక్షలున్న మాడ్యూల్‌లో బిల్డ్ విజయవంతమైంది, నడిచిన పరీక్షలు మాత్రం సున్నా. ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు. ఇలాంటి మౌనం కంటే వంద ఎర్రర్లు నయం. కారణం మేవెన్‌లో పరీక్షలు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ పాతది కావడం. అది జేయూనిట్ 5కు పునాది అయిన జేయూనిట్ ప్లాట్‌ఫామ్‌ను నేరుగా గుర్తించేది 2.22.0 నుంచే. వెర్షన్ పెంచగానే కొత్తవి నడిచాయి. పాతవి కూడా నడవడానికి, జేయూనిట్ 4 పరీక్షలను నడిపే వింటేజ్ ఇంజిన్‌ను డిపెండెన్సీగా చేర్చాను.

ఇంపోర్ట్ వరుసలు ఒకసారి చూసుకోండి. జూపిటర్ (జేయూనిట్ 5 పరీక్షల ప్యాకేజీ పేరు) అని ఉంటేనే కొత్త పరీక్ష. ఒకే క్లాసులో రెండు రకాలూ కలిపితే, ప్రతి కొత్త పరీక్షకు ముందు నడిచే బిఫోర్‌ఈచ్‌లో రాసిన ఏర్పాట్లు పాత పరీక్షలకు అందవు.